శ్యామల పోయిన నీళ్ళు

తుంగతుర్తి దిక్కు ఒక పల్లెలో రైతుల ఇంట పుట్టిన పుష్పావతికి నీళ్ళంటే భయం తెలియదు. పాలపళ్ళు ఊడకముందే తండ్రి ఆమె నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి మోటబావిలోకి దింపాడు. ఏడాది తిరిగేసరికి ఆ బుర్ర అవసరం లేకపోయింది. అన్నదమ్ములు మెట్ల మీంచి దూకితే ఆమె మోట గిలక పక్కనుంచి దూకేది.

పెళ్ళయి కోదాడ వచ్చాక ఈత మాట మరిచిపోవాలనే అనుకుంది. కానీ అత్త లక్ష్మీనర్సమ్మకు నోటి కరుకే గాని మనసులో కరుకు లేదు. "మా కోడలు చేప తీరు ఈదుతది" అని వాడకట్టంతా చెప్పుకొని మురిసింది. ఎండాకాలం మధ్యాహ్నాలు, పొలంలో పాలేర్లు లేని వేళ చూసి, ఆడవాళ్ళు ముగ్గురూ ఊరవతలి బావికి పోయేవారు. అత్త తుమ్మచెట్టు నీడన కూర్చుని ఎవరూ రాకుండా కాపలా కాసేది. పుష్పావతి తన ఆడపడుచు శ్యామలకు ఈత నేర్పేది.

శ్యామల అప్పుడు ఎదిగీ ఎదగని పిల్ల. బారెడు జడ. నీళ్ళలో మునిగిందంటే జడ పైన తేలేది, మనిషి కింద ఎక్కడో ఉండేది. బుడుంగున పైకి లేచి, ముక్కులోంచి నీళ్ళు చీదుకుంటూ, "వదినా! సూసినవా?" అని అరిచేది. బావి గోడలు ఆ మాటను అందుకొని మళ్ళీ అనేవి. ఎండాకాలం రెండు మార్లు గడిచేసరికి శ్యామల వదినకు దీటుగా ఈదసాగింది.

అరవై రెండో సంవత్సరం మాఘ పౌర్ణమికి వాళ్ళు సముద్రానికి పోయారు. శ్యామలకు చిన్నప్పుడు అమ్మవారు పోసి, బతుకుతుందో లేదో తెలియని స్థితిలో లక్ష్మీనర్సమ్మ మొక్కిన మొక్కు అది. బిడ్డతో సముద్రస్నానం చేయిస్తానని. ఒక ఏడు పంట, ఒక ఏడు మైల, ఇంకో ఏడు ఇంకేదో అడ్డం వచ్చి మొక్కు వాయిదా పడుతూ వచ్చింది. ఇక పెళ్ళి సంబంధాలు చూడాల్సిన వయసు వచ్చేసరికి, మొక్కు తీరకుండా పిల్లను ఇంటినుంచి పంపకూడదని పట్టుబట్టింది. పుష్పావతి భర్త గోవర్ధన్ తల్లి మాట కాదనే మనిషి కాదు. ఎవరి మాటా కాదనే మనిషి కాదు. బస్సులో బెజవాడ, అక్కడినుంచి రైల్లో బందరు చేరారు.

మర్నాడు బండి మాట్లాడుకొని స్నానాల రేవుకు పోతే ఇసుకేస్తే రాలని జనం. లక్ష్మీనర్సమ్మ బండి దిగలేదు.

"గింతమంది మగోళ్ళ నడుమ ఎదిగిన పిల్ల తడి బట్టలతోని ఎట్ల నిలవడ్తది? జనం లేని కాడికి తీస్కపోరాదు?" అంది కొడుకుతో.

బండివాడు సరుగుడు తోటల వెంట చాలా దూరం తోలుకుపోయి, చేపలు పట్టేవాళ్ళ చిన్న పల్లె ఒకటి దాటాక ఆపాడు. ఒడ్డున రెండు తెప్పలు బోర్లించి ఉన్నాయి. ఆరేసిన వలలున్నాయి. మనిషి జాడ లేదు. గోవర్ధన్ బండి దగ్గరే ఉండిపోయాడు, ఆడవాళ్ళ స్నానం కదా అని.

పుష్పావతి సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి. ఎడమ చేతి వైపు అలలు తెల్లగా విరిగి పడుతున్నాయి. కుడి చేతి వైపూ అంతే. నడుమ మాత్రం, వెడల్పాటి బాటలాగా, అల అన్నది లేకుండా నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. ఇసుక కలిసి కాస్త మట్టిరంగుగా ఉన్నాయి, అంతే తేడా.

"గాడ అలలు లెవ్వు. గాడ దిగుండ్రి," అంది లక్ష్మీనర్సమ్మ. తానూ మోకాలి లోతు దిగి, మూడు మునకలు వేసి, బిడ్డ నెత్తిన దోసిలితో నీళ్ళు పోసి, పసుపు కుంకుమ వదిలి ఒడ్డుకు పోయింది. మొక్కు తీరింది. అక్కడితో అందరూ ఒడ్డెక్కితే ఈ కథ లేదు.

"వదినా, జర లోపలికి పోదామా?" అంది శ్యామల.

వదినా మరదళ్ళు చేయీ చేయీ పట్టుకొని నడిచారు. నడుము లోతు దాకా బాగానే ఉంది. ఆ తరువాతి అడుగుకు కాళ్ళ కింది ఇసుక జారిపోయింది. ఇద్దరికీ ఈత వచ్చు కదా, నవ్వుకుంటూనే ఈదడం మొదలుపెట్టారు. కాసేపటికి తిరిగి చూస్తే ఒడ్డున అత్త బొమ్మంత కనిపించింది. పుష్పావతి నవ్వు ఆగిపోయింది. నీళ్ళు చప్పుడు లేకుండా, అల లేకుండా, వాళ్ళను లోపలికి ఈడ్చుకుపోతున్నాయి.

"ఎనకకు! శ్యామలా, ఎనకకు ఈదు!"

ఇద్దరూ ఒడ్డుకేసి బలమంతా పెట్టి ఈదారు. బావిలో ఎంత తోస్తే అంత ముందుకు పోయే ఈత, ఇక్కడ ఎంత తోసినా ఉన్నచోటనే ఉంది. ఉన్నచోట కూడా లేదు, వెనక్కే పోతున్నది. శ్యామల రొప్పుతున్నది. నీళ్ళు మింగింది. పుష్పావతి ఆమె మణికట్టు పట్టుకొని లాగింది. జడ వచ్చి ఆమె మెడకు చుట్టుకుంది. ఒక చేత్తో ఈదలేక, రెండో చెయ్యి విడవలేక, ఎంతసేపు పెనుగులాడిందో ఆమెకే తెలియదు. ఒక కెరటం ఇద్దరి మీదుగా పోయింది. అది పోయాక ఆమె చేతిలో రెండు గాజు ముక్కలున్నాయి. మనిషి లేదు.

"వదినా!" అన్న పిలుపు ఒక్కటి వినిపించింది. ఏ దిక్కునుంచో తెలియలేదు.

తరువాత పుష్పావతి ఈదలేదు. ఈదే శక్తి లేదు. చస్తానని తెలిసి వెల్లకిలా పడి ఊరుకుంది. ఊరుకోబట్టే బతికింది. నీళ్ళు ఆమెను ఇంకొంత లోపలికి తీసుకుపోయి, అక్కడ పట్టు వదిలేశాయి. పక్కనున్న అలలు ఆమెను అందుకొని ఒడ్డు వైపు నెట్టాయి. అత్త కేకలు విని తెప్ప వేసుకొని వచ్చిన పల్లెవాళ్ళు జుట్టు పట్టి పైకి లాగారు.

ఆ పల్లెవాళ్ళు పొద్దుగూకే దాకా తెప్పల మీద వెతికారు, వలలు వేశారు. మర్నాడూ వెతికారు. శ్యామల దొరకలేదు. చివరికి ఒక ముసలాయన పుష్పావతి ముందు గొంతుకూర్చుని, మెల్లగా అడిగాడు.

"ఎదురీదారామ్మా?"

ఆమె తలూపింది.

"అలలు విరగని చోట దిగకూడదు తల్లీ. అక్కడే లోపలికి లాగుద్ది. లాగినప్పుడు ఎదురీదితే మనిషిని అలసగొట్టి చంపుద్ది. ఒడ్డు పొడుగునా పక్కకు ఈదాలి. కాస్త దూరం పోతే అదే వదిలేస్తది."

తిట్టడానికి అనలేదాయన. కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు. కానీ ఆ మాట పుష్పావతి లోపల ముల్లులా దిగి విరిగిపోయింది. ఆమె స్వయంగా నేర్పిన ఈత అది, ముందుకు చూసి బలంగా తోసే ఈత. పక్కకు ఈదమని తనకే ఎవరూ చెప్పలేదు.

కోదాడ ఇంటికి ముగ్గురే తిరిగి వచ్చారు. చుట్టాలు వచ్చి ఏడ్చి, దినం సంగతి ఎత్తితే లక్ష్మీనర్సమ్మ లేచి నిలబడింది.

"శవాన్ని సూసినోళ్ళు ఎవరన్న ఉన్నరా? నా బిడ్డ ఏ ఒడ్డుకో పడి ఉంటది. మతి తప్పి ఉంటది. ఎవరో సాదుకుంటుంటరు. దినం గినం అన్నరంటే నా మీద ఒట్టే."

గోవర్ధన్ తలవంచుకున్నాడు. దినం జరగలేదు. పూటపూటా శ్యామల కంచం కడిగి పీట ముందు పెట్టేవారు. పండక్కి శ్యామలకూ ఒక రవికె గుడ్డ తీసేవారు. బెజవాడ నుంచి బస్సు వచ్చే వేళకు లక్ష్మీనర్సమ్మ రోడ్డు మీదికి పోయి, దిగేవాళ్ళ మొహాలన్నీ చూసి, చివరివాడు దిగాక ఇంటికి వచ్చేది. చచ్చినవాళ్ళున్న ఇల్లు కొన్నాళ్ళు ఏడ్చి తేరుకుంటుంది. ఈ ఇంట్లో ఎవరూ చావలేదు. అందుకని ఎవరూ తేరుకోలేదు.

అత్త కోడలిని ఒక్కసారే ఒక మాట అంది. బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా. "ఈత రాని పిల్లయితే మోకాలి లోతు కాడనే ఆగేది గద."

ఆ చోట దిగమన్నది ఎవరో పుష్పావతికి గుర్తుంది. అయినా ఆ మాట నాలుక చివరికి కూడా రానివ్వలేదు. అత్తకూ అది గుర్తుందని, రాత్రింబవళ్ళు అదే నములుతున్నదని ఆమెకు తెలుసు.

నీళ్ళతో ఆమెకు పొత్తు పోయింది. పొలం బావి వైపు పోవడం మానేసింది. చెంబెడు నీళ్ళు నెత్తిన పోసుకున్నా ఊపిరి బిగపట్టేది. కాగులో చెంబు ముంచితే, నీళ్ళు లోపలికి పోయేటప్పటి ఆ గుడగుడలో, "వదినా" అని వినిపించేది. మొదట్లో ఉలిక్కిపడి చెంబు వదిలేసేది. పోనుపోను ఆ పిలుపుకు అలవాటు పడింది. అలవాటు పడడమంటే భయం పోవడం కాదు. ఎప్పుడు పిలుస్తుందో తెలియడం, అంతే. మరుసటి ఏడు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. సులోచన అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లను బావి గట్టు తొక్కనివ్వకుండా పెంచింది.

ఇట్లా ఉండగా సాగర్ ఎడమ కాలువ నీళ్ళు హాలియా దాటి, మిర్యాలగూడ దాటి, ఇటు మునగాల దిక్కుకు వచ్చాయి. కొబ్బరికాయలు కొట్టారు, పసుపు చల్లారు. జొన్న వేసే చెలకల్లో వరి నాట్లు పడ్డాయి. గోవర్ధన్ పొలం అంచునే కాలువ పోయింది. జనానికి సంబరం పట్టరానిదైంది. బావిలో ఈదినవాడికి కాలువ ఒక లెక్కా అని మగపిల్లలు వంతెన మీంచి దూకారు. తొలి ఏడే పెళ్ళీడు పిల్లవాడొకడు కొట్టుకుపోయి, కింద ఎక్కడో తూము దగ్గర తేలాడు. ఆ కబురు మోసుకొచ్చిన పక్కింటి అరుంధతిని పుష్పావతి ఒకే మాట అడిగింది.

"ఎదురీదిండా?"

అరుంధతికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఏమో అక్కా, గట్టు మీంచి సూసినోళ్ళు బాగ కొట్లాడిండనే అంటున్నరు," అంది. పుష్పావతి లోపలికి పోయి తలుపు వేసుకుంది. తెలిసిన మాట కడుపులో పెట్టుకొని కూర్చుంది కదా తాను. కానీ ఈత గురించి నోరు తెరిచే హక్కు తనకెక్కడిది?

బస్సు దగ్గరికి పోయే లక్ష్మీనర్సమ్మ ఇప్పుడు కాలువ గట్టుకు పోవడం మొదలుపెట్టింది. "అన్ని నీళ్ళు ఒక్కటే. కిష్ణమ్మ నీళ్ళే గద గివి. సముద్రంల కలిసేటివే గద," అనేది. పూలు, పసుపు, ఒక్కోసారి శ్యామలకు తీసిన రవికె గుడ్డ నీళ్ళలో వదిలేది. అత్త వెనకాలే పుష్పావతి పోయి, దూరంగా పొలం గట్టున నిలబడేది. అంతకన్నా దగ్గరికి ఆమె కాళ్ళు పోయేవి కావు.

ఒకనాడు ఎండ వాలుతుండగా లక్ష్మీనర్సమ్మ కూర్చున్నదల్లా లేచింది.

"అగో! జడ! పుష్పా, జడ సూడు!"

పుష్పావతి చూసింది. నీళ్ళ నడుమ, బారెడు పొడుగున, నల్లగా ఏదో విప్పుకుంటూ ముడుచుకుంటూ పోతున్నది. అది నాచో, గుడ్డపీలికో, కొట్టుకొచ్చిన తాడో. కానీ ఆ క్షణాన ఇద్దరికీ అది జడే. కింద మనిషి ఉన్న జడ.

"బిడ్డా, వస్తున్న!" అంటూ లక్ష్మీనర్సమ్మ వాలుగట్టు మీద అడుగు వేసింది. నున్నటి రాయి. పాదం నిలవలేదు. కాలువ ఆమెను చప్పుడు లేకుండా తీసుకుంది.

తరువాత జరిగింది పుష్పావతి ఆలోచించి చేసింది కాదు. అత్త పడ్డచోట దూకితే వెంటపడి ఈదాలి, మనిషి అందదు. అందుకని గట్టు వెంట కిందికి పరుగెత్తింది. పొలంలో నాగలి విప్పుతున్న జీతగాడు మంగ్త్యాను కేకేసింది. "మంగ్త్యా! పగ్గం! పగ్గం పట్టుకొని ఉరుకు!" కొట్టుకుపోతున్న మనిషిని దాటిపోయి, చీర గోచి బిగించి, నీళ్ళలోకి జారింది.

ఎనిమిదేళ్ళ తరువాత నీళ్ళు ఆమె మెడ దాకా వచ్చాయి. "వదినా" అని చెవి పక్కనే వినబడింది. "ఉండు, వస్తున్న," అంది పైకే.

ఎదురు తోయలేదు. నీళ్ళు ఎటు పోతే అటు పోనిస్తూ, నడుమకు ఏటవాలుగా జరిగింది. లక్ష్మీనర్సమ్మ మునిగి తేలుతూ వచ్చింది. మెడ పట్టుకోబోయింది. మునిగేవాళ్ళు మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతారు. పుష్పావతి తప్పుకొని వెనక వైపు నుంచి కొప్పు దొరకబుచ్చుకుంది. ముసలామె మొహం ఆకాశం వైపు తిప్పింది. "కొట్లాడకు అత్తా! కాళ్ళు చేతులు వదిలెయ్యి. నేను పట్టుకున్న. నేను వదల." ముసలామె పెనుగులాడింది, తరువాత వదిలేసింది. నీళ్ళు ఇద్దరినీ దించుకుపోతుంటే, పుష్పావతి కాళ్ళతో కొంచెం కొంచెంగా గట్టు వైపు మళ్ళించింది. గట్టు చేరినా లాభం లేదు, ఆ వాలు మీద పట్టు దొరకదు. మంగ్త్యా ముందుకు ఉరికి బోర్లా పడుకొని పగ్గం విసిరాడు. రెండోసారికి ఆమె చేతికి అందింది.

గట్టు మీద లక్ష్మీనర్సమ్మ నీళ్ళు కక్కుకుంది. కళ్ళు తెరిచి కోడలి తడి మొహాన్ని, నీళ్ళోడుతున్న జుట్టును చాలాసేపు చూసింది.

"శ్యామలా," అంది. "ఎన్నాళ్ళకొస్తివి బిడ్డా."

మంగ్త్యా మొహం తిప్పుకున్నాడు. జడ సంగతి తరువాత అడిగితే, "ఏం లేదమ్మా, నేను సూస్తనే ఉన్న, నీళ్ళల్ల ఏం లేదు," అన్నాడు.

పుష్పావతి అత్త తల ఒళ్ళో పెట్టుకొని, "వచ్చిన," అంది.

ఆనాటినుంచి లక్ష్మీనర్సమ్మకు కోడలే శ్యామల. మిగతా విషయాల్లో తెలివి బాగానే ఉండేది. గింజలు ఆరబెట్టించేది, పాలు తోడు పెట్టించేది, మనమరాలిని సులోచనా అని సరిగ్గానే పిలిచేది. పుష్పావతి ఎదురైతే మాత్రం "శ్యామలా" అనేది. శ్యామల కంచంలో పుష్పావతి తినసాగింది. పండక్కి తీసిన రవికె గుడ్డలు ఆమెవే అయ్యాయి. గోవర్ధన్ ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"ఎందుకు పలుకుతవు? కాదని చెప్పరాదు?"

"చెప్తే మళ్ళ కాలువ కాడికి పోతది," అంది పుష్పావతి. అది నిజమే. కానీ సగమే నిజం. ఆ పేరుకు పలికినప్పుడు ఆమెకు కాసేపు ఎంతో హాయిగా ఉండేది. శ్యామల బతికే ఉన్నట్టు, పోయింది వదినే అయినట్టు. ఆ హాయి తలుచుకొని తరువాత వణికిపోయేది.

ఒక ఉదయం లక్ష్మీనర్సమ్మ సులోచన జడ అల్లుతూ, "శ్యామలా, ఈ పిల్లకు ఈత నేర్పు. ఇంటి ముంగటికే నీళ్ళొచ్చినయి. రాకుంటే ఎట్ల?" అంది. పుష్పావతి చేతిలో పని ఆగిపోయింది. అత్త కోడలితో అందా, కూతురితో అందా అని అడగలేదు. ఆ మధ్యాహ్నమే పిల్లను పొలం బావికి తీసుకుపోయింది.

సులోచన తరువాత అరుంధతి కూతుళ్ళు వచ్చారు, ఆ తరువాత వాడకట్టులో ఇంకొందరు ఆడపిల్లలు. బావిలో తేలడం వచ్చాక, నీళ్ళు తక్కువ వదిలిన రోజుల్లో కాలువ మెట్ల దగ్గర ఒడ్డుకు పగ్గం కట్టి దింపేది. ఈత కన్నా ముందు ఆమె నేర్పేది ఊరుకోవడం. వెల్లకిలా పడుకొని, నీళ్ళు తీసుకుపోతుంటే ఏడవకుండా, పెనుగులాడకుండా పోవడం. "దానితోని కొట్లాడొద్దు. పక్కకు పక్కకు జరగాలె," అనేది. పిల్లలు నవ్వేవారు. నవ్వని పిల్లను చూసి, "నీకర్థమైంది," అనేది. జడలు ముడి వేయకుండా ఎవరినీ దిగనిచ్చేది కాదు. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ తలలు లెక్కపెట్టేది. ఒక్కోసారి లెక్క ఒకటి ఎక్కువ వచ్చేది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

డెబ్బై అయిదో సంవత్సరం వరి కోతల కాలంలో లక్ష్మీనర్సమ్మ మంచాన పడి నెమ్మదిగా పోయింది. ప్రాణం పోయే ముందు కోడలి చేయి పట్టుకొని, "నేనే దిగమంటి గద పుష్పా," అంది. పేరు సరిగ్గానే అంది. ఆ చేయి పుష్పావతి చేతిలోనే చల్లబడింది.

దినం కాలువ ఒడ్డునే చేశారు. పురోహితుడు గోత్రం, పేరు చెప్పమన్నాడు. గోవర్ధన్ తల్లి పేరు చెప్పి, భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది. అప్పుడు చెల్లెలి పేరు కూడా చెప్పాడు. పదమూడేళ్ళలో ఆ ఇంట ఆ పేరు పోయినవాళ్ళ వరుసలో పలకడం అదే తొలిసారి. తల్లి పిండం పక్కనే ఇంకొక ముద్ద పెట్టారు. రెండింటినీ నీళ్ళలో వదిలారు.

మెట్లకు కాస్త దిగువన ఈతకు వచ్చిన ఆడపిల్లలు, పగ్గం పట్టుకొని నడుము లోతు నీళ్ళలో, పని అయ్యేదాకా కదలకుండా నిలబడ్డారు. ముద్దలు వాళ్ళ పక్కనుంచి పోతుంటే జరిగి దారి ఇచ్చారు. పుష్పావతి ఒడ్డున నిలబడి వాళ్ళ తలలు లెక్కపెట్టసాగింది.